హెచ్చెమ్ పడవెక్కిన రోజు

సిరి పోయిన రోజు మంగళవారం. ఎనిమిదో తరగతి బి సెక్షనులో నల్లబల్ల మీద పెన్నా నది ఉపనదుల పేర్లు రాస్తున్నాను. జయమంగళి, చిత్రావతి, కుందేరు, పాపాఘ్ని, సగిలేరు. తలుపు దగ్గర మా హెడ్మాస్టరు గారు వచ్చి నిలబడి, "ప్రభుదాసు సార్, ఒకసారి బయటికి రాండి" అన్నారు. ఒక్క నిమిషం సార్ అని, చెయ్యేరు కూడా రాసి, సుద్దముక్క పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లాను. ఆ ఒక్క నిమిషం గురించి నన్నెవరూ ఏమీ అనలేదు. అప్పటికే నలభై నిమిషాలయిందట. స్కూటీ మీద నంద్యాల కాలేజీకి పోతున్న నా బిడ్డను శిరివెళ్ల దాటాక నాపరాళ్ల లారీ గుద్దింది. డ్రైవరుకు కునుకు పట్టిందట. ఆ చివరి పేరు రాయకుండా బయటికి వెళ్లి ఉంటే ఏం జరిగేది అని ఇప్పటికీ అనుకుంటాను. ఏమీ జరిగేది కాదు. పిల్లలు ఐదు పేర్లే రాసుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ పెన్న మీదనే కూర్చుని ఉన్నాను. నెల్లూరు దాటి వచ్చి, నది సముద్రంలో కలిసే చోటికి పడవలో పోతున్నాం. పడవ తోలే పోలయ్య వెనక ఇంజను దగ్గర నిలబడ్డాడు. ముందు చెక్క మీద లూదియా, నాకు ఎదురుగానే, ముఖం మాత్రం నీళ్ల వైపు. మా ఇద్దరి మధ్య కుక్క. లూదియా నా భార్య. ఎనిమిది నెలలుగా ఆమె బనగానపల్లెలో వాళ్లమ్మ దగ్గర ఉంటోంది, నేను ఆళ్లగడ్డలో ఉంటున్నాను. ఈ పడవ తిరిగి ఒడ్డు చేరేలోపల ఆమెకు రెండు మాటలు చెప్పాలని వచ్చాను. తప్పు చేశాను అన్నది ఒకటి. ఇంటికి రా అన్నది రెండోది. పోలయ్య గంట అన్నాడు, పోను అరగంట, రాను అరగంట. నలభై ఐదు నిమిషాల పీరియడులో అక్బరు నుంచి ఔరంగజేబు దాకా చెప్పినవాణ్ని, రెండు వాక్యాలకు గంట చాలదా అనుకుని ఎక్కాను. పావుగంట అప్పుడే అయిపోయింది. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి, అంచుల్లో మడ చెట్లు, వాటి వేళ్ల మధ్య ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. లూదియా దాన్ని చూస్తోంది. అది కనుమరుగయ్యాక కూడా అటే చూస్తోంది.

అసలు పదకొండుకే ఎక్కవలసింది. తెల్లారక ముందే ఆళ్లగడ్డలో బయలుదేరి, బనగానపల్లెలో ఆమెను ఎక్కించుకుని, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నా పాత కారులో ఒడ్డు చేరేసరికి నదిలో నీళ్లు లేవు. బురద మెరుస్తోంది, పడవలు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి. "నీళ్లు లాగేసుండాయి సార్. మొగ కాడ ఇసక మేట తేలుండాది. పోటు రావాల" అన్నాడు పోలయ్య. వాళ్ల మాటలో మొగ అంటే నది నోరు. పోటు అన్న మాట వినగానే నేను తల దించుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఆటుపోట్ల పాఠం చెబుతున్నాను. చంద్రుడి ఆకర్షణ, రోజుకు రెండుమార్లు, రెండు మార్కుల ప్రశ్న. సముద్రానికి ఒక వేళ ఉంటుందని, ముందు కనుక్కుని రావాలని మాత్రం తట్టలేదు. బస్టాండులో బస్సు మాదిరి నిలబడి ఉంటుందనుకున్నాను. లూదియా కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడి పోలయ్యతో, "మా సారు సోషల్ చెప్తాడప్పా. పిల్లోళ్లకు సముద్రం గురించి చెప్పేది ఈయప్పే" అంది. పోలయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఎనిమిది నెలల్లో ఆమె నన్ను ఎగతాళి చేయడం అదే మొదలు. ఆ ఒక్క మాట కోసం నాలుగు పోట్ల దాకా అయినా కూర్చునేవాణ్ని. మూడున్నర గంటలు సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. ఆమె తెచ్చిన చిత్రాన్నం తిన్నాం. నిమ్మకాయ ఎక్కువైందని ఆమె అంది, లేదు బాగుంది అని నేనన్నాను. ఆ మూడున్నర గంటల్లోనూ చెప్పి ఉండవచ్చు. పడవలో చెప్పాలని అనుకున్నాను కదా, పడవ రానీ అనుకున్నాను. వాయిదా వేయడానికి నాకు ఎప్పుడూ మంచి కారణమే దొరుకుతుంది.

పడవ ఆలోచన మాది కాదు, సిరిది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోనులో ఏదో వీడియో చూపించింది. ఎవరో మొగుడూ పెళ్లాం, తెల్లటి పడవ, మధ్యలో నారింజరంగు చొక్కా తొడుక్కున్న కుక్క. "నాకు ఉద్యోగమొస్తే మొదటి జీతంతో మిమ్మల్నిద్దర్నీ, వీణ్నీ ఇట్ల సముద్రం మీద తిప్పిస్తా" అంది. మరి నువ్వు అంటే, "నేను రాను, నాకు వాంతులు. పైగా మీరిద్దరూ కొట్లాడకుండా గంటసేపు ఎదురుబదురుగా కూసుంటారో లేదో నేను లేకుండా తేలాల" అంది. లూదియా వంటింట్లోంచి, "ఉద్యోగమొచ్చినాక మాట్లాడుదువు, ముందు ఆ బిందె దించు" అంది. సిరి దించలేదు. నేనే దించాను.

వీడు అంటే హెచ్చెమ్. ఆళ్లగడ్డ బస్టాండులో సిరికి దొరికిన కుక్క. గోధుమ రంగు, మెడ కింద తెలుపు, ఒక చెవి ఎప్పుడూ వాలి ఉంటుంది. ఇంటికొచ్చిన మరునాడే పొద్దున లేచి ప్రతి గదీ వాసన చూసి, పెరడంతా తిరిగి, వచ్చి వరండాలో కూలబడ్డాడు. "అచ్చం మీ హెచ్చెమ్ మాదిరే నాయనా, రౌండ్సు కొట్టి కుర్చీలో పడతాండాడు" అంది సిరి. హెడ్మాస్టరును మా బడిలో హెచ్చెమ్ అంటాం. ఆ పేరే నిలిచింది. ఒకసారి నిజం హెచ్చెమ్ గారు ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుని కాఫీ తాగుతుండగా లూదియా లోపలి నుంచి, "హెచ్చెమ్, సోఫా దిగు, తంతా" అంది. ఆయన కప్పుతో సహా లేచి నిలబడ్డారు. సిరి పెరట్లోకి పరిగెత్తింది. ఆ పిల్ల నవ్వుకు మొదట చప్పుడుండదు. భుజాలు కదులుతాయి. తర్వాత ఒక్కసారిగా వస్తుంది. గోడ అవతల అది వచ్చేదాకా నేను ఆయనతో పదో తరగతి ఫలితాల గురించి మాట్లాడుతూ ఉన్నాను, చెవి మాత్రం గోడకే ఉంది.

కుక్కలు బెంగపెట్టుకుని తిండి మానేస్తాయని అంటారు. మా వాడు మానలేదు. సిరిని మట్టి చేసి వచ్చిన సాయంత్రం కూడా గిన్నె నాకి నాకి తిన్నాడు. నాకు కోపం వచ్చింది, గిన్నె తీసి గోడకు కొట్టాలనిపించింది. తర్వాత్తర్వాత, లూదియా వెళ్లిపోయాక, ఇంట్లో ఆ గిన్నె చప్పుడు ఒక్కటే మిగిలినప్పుడు, దాని కోసం అన్నం ఒక గుప్పెడు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టాను. వాడు లావయ్యాడు. బనగానపల్లెలో గేటు దగ్గర వాణ్ని చూసి లూదియా, "ఏందీ, దీన్ని మేపుతాండావా" అంది. అంతకుమించి ఆ వారం మేము ఏమీ మాట్లాడుకోలేదు.

షికారు పడవల వాళ్లు కుక్కను వద్దన్నారు. అందుకే పోలయ్య. చేపల పడవ, ఫైబరుది, అడుగున వల వాసన. ఫోనులో మాట్లాడినప్పుడు, "అస్తికలు కలిపేదానికా సార్" అని అడిగాడు. కాదు, మేం క్రైస్తవులం, పూడ్చుకుంటాం అన్నాను. "మరెందుకు సార్?" కుక్కను తిప్పడానికి అన్నాను. "తిప్పుదాంలే సార్" అన్నాడు. ఇందాక ఎక్కించేటప్పుడు, కుక్కకు తొడిగే చొక్కా లేదని లూదియా అంటే, వలకు కట్టే బెండ్లు నాలుగు తెచ్చి తాడుతో వాడి పొట్ట చుట్టూ కట్టాడు. పదవీ విరమణ సన్మానంలో దండ వేయించుకున్నట్టు హెచ్చెమ్ కదలకుండా నిలబడ్డాడు. లూదియా పెదవి కొరుక్కుంది. ఆమె నవ్వు ఆపుకుంటే అట్లా కొరుక్కుంటుంది, ఏడుపు ఆపుకున్నా అట్లాగే. ఇరవై మూడేళ్ల కాపురంలో ఏది ఏదో చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు చెప్పలేకపోయాను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "ఈ నీళ్లు మన వైపువే, మన వక్కిలేరు కుందేట్లో కలుస్తుంది, కుందేరు పెన్నలో" అన్నాను. వెనక నుంచి పోలయ్య, "మీ నీళ్లు సోమశిల డ్యాం కాడే ఆపేస్తారు సార్. ఇది మా ఉప్పు నీళ్లే" అన్నాడు. లూదియా చెయ్యి నీళ్లలో ముంచి నాలుకకు తగిలించుకుంది. అవునన్నట్టు తల ఊపింది. నేను చెప్పే పాఠాలన్నీ ఈ రోజు ఒకదాని వెంట ఒకటి తప్పవుతున్నాయి. బాధగా లేదు. ఆమె చెయ్యి తడిగా ఉంది, దాన్ని చీర అంచుకు తుడుచుకోకుండా గాలికి అట్లాగే ఉంచింది. ఆ చేతిని చూస్తున్నాను. ఆమె ఏ.ఎన్.ఎం. ఎన్ని వేల మంది పసిపిల్లలకు ఆ చేత్తో సూది వేసిందో. సూది వేసేముందు, నొప్పి లేదు అని ఎప్పుడూ చెప్పదు. నొప్పే, ఇంగ అయిపోతుంది అంటుంది. నేను ఆమె దగ్గర నేర్చుకోవలసింది అదొక్కటే, అదే నేర్చుకోలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. మట్టి చేసిన తర్వాత వారం తిరిగాక ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతారు. పాట, ప్రార్థన, వాక్యం, ఆ తర్వాత ఇంటి పెద్ద లేచి సాక్ష్యం చెప్పాలి. జరిగినదాన్ని ఎట్లా మోస్తున్నాం, దేవుడు ఎట్లా నిలబెట్టాడు అన్నది నలుగురి ముందు చెప్పాలి. ఏడ్చి కూర్చునేవాళ్లు ఉంటారు, వాళ్లనెవరూ తప్పుపట్టరు. నేను ఏడవలేదు. ముందురోజే తెల్లకాగితం మీద రాసుకున్నాను. రెండుసార్లు రాశాను. లేచి నిలబడి, "మా బిడ్డ ప్రాణం తీసిన డ్రైవరు నరసింహులును నేనూ నా భార్యా మనస్ఫూర్తిగా క్షమించాం. అతని మీద మా ఇంట్లో ఎవరికీ కోపం లేదు" అని చదివాను. ఆమేన్ అన్నారు, స్తోత్రం అన్నారు. పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. మా బడి లెక్కల సారు సాల్మన్ రాజు ఫోనులో తీసి టీచర్ల గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి వందల కొద్దీ చేతులు జోడించిన బొమ్మలు. లూదియా ఆడవాళ్ల చాప మీద, తల మీద ముసుగుతో, నేల వైపు చూస్తూ కూర్చుంది. నేను కూర్చునేటప్పుడు నాలో ఒక చిన్న తృప్తి కలిగింది. వాక్యం బాగా కుదిరిందని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బిడ్డ పోయిన వారానికి వాక్యం కుదిరిందని తృప్తిపడిన తండ్రిని నేను.

మరునాడు పొద్దున ఆమె సంచిలో బట్టలు పెట్టుకుంటూ, "నన్నడిగినావా" అంది. లేదు అన్నాను. "ఆ మాట నా నోట్లోంచి రావాలంటే పదేండ్లు పట్టేదేమో. రాకుండానే నేను సస్తుంటినేమో. అది నా మాట. నువ్వు కాగితంలో రాసుకొని సదివితివి." ఆమె గొంతు పెంచలేదు. నేను ఏదో అన్నాను, క్షమించడం మన ధర్మం అనో, బరువు దిగుతుంది అనో. ఆమె సంచి జిప్పు వేసి, "దిగిందా" అని అడిగింది. బనగానపల్లె ఆసుపత్రికి డెప్యుటేషన్ వేయించుకుంది. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని ఊళ్లో అనుకున్నారు. మేమూ అట్లాగే అననిచ్చాం.

ప్రతి శనివారం హెచ్చెమ్‌ను కారులో బనగానపల్లె తీసుకుపోతాను, ఆదివారం సాయంత్రం తెచ్చుకుంటాను. ఆమె వాణ్ని చూడాలంది, అంతే అంది. గేటు దగ్గర గొలుసు చేతులు మారుతుంది. తిన్నాడా. తిన్నాడు. నులిపురుగుల మందు వేయించినావా. వేయించినాను. మా అత్త ఎస్తేరు వరండాలో మంచం మీద నుంచి, "ఏమల్లుడా, రెండు మాటలు మాట్లాడుకునేదానికి కుక్క కావాల్సొచ్చెనా మీకు" అంటుంది. ఇద్దరం వినిపించనట్టు ఉంటాం. మా వైపు ఆడవాళ్లు మొగుణ్ని పేరు పెట్టి పిలవరు. పెళ్లయిన కొత్తలో లూదియా నన్ను 'ఇదో' అనేది. సిరి పుట్టాక సిరి నాయనా అంది. ఇరవై ఏళ్లు అదే నా పేరు. ఆ మంగళవారం తర్వాత ఆ పేరుతో పిలవలేకపోయింది, మళ్లీ 'ఇదో' దగ్గరికి వచ్చింది. ఇదో, గొలుసు. ఇదో, వాడి గిన్నె. నెల కిందట ఒక శనివారం, గొలుసు ఇస్తూ, సిరి చెప్పింది గదా, పడవ, ఒకరోజు పోదామా అని అడిగాను. ఆమె చాలాసేపు హెచ్చెమ్ చెవి సరిచేసింది. అది సరికాదని ఇద్దరికీ తెలుసు. "వాని కోసమైతే వస్తా" అంది.

ఇంజను చప్పుడు మారింది. "మొగ వస్తుండాది సార్, గట్టిగా కూసోండి" అని పోలయ్య కేకవేశాడు. నది అయిపోయి సముద్రం మొదలయ్యే చోట గీత ఏదో ఉంటుందనుకున్నాను, పటంలో ఉంటుంది. ఇక్కడ గీత లేదు. నీళ్లు నీళ్లను కొట్టుకుంటున్నాయి, తెల్లగా, అటూ ఇటూ. పడవ ముక్కు పైకి లేచింది, లూదియా నాకంటే ఎత్తులోకి పోయింది, ఆమె వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు, తర్వాత ధడేలున దిగింది, నీళ్లు మా మీద పడ్డాయి, హెచ్చెమ్ నాలుగు కాళ్ల గోళ్లూ ఫైబరు మీద జారుతూ బెండ్లతో సహా పక్కకు కొట్టుకుపోయాడు. "సిరి నాయనా, పట్టుకో" అంది లూదియా. నేను పట్టుకున్నాను. రెండు చేతులతో, తాడునూ బెండ్లనూ మెడనూ దొరికినదాన్నల్లా పట్టుకుని పడవ అడుగున వల మీద కూలబడ్డాను. ఇంకో అల, ఇంకోటి. వాడి గుండె నా అరచేతి కింద కొట్టుకుంటోంది. నాది కూడా. పిలిచింది. తనకు తెలియకుండానే పిలిచింది, తెలిసి ఉంటే పిలిచేది కాదేమో. తలెత్తి చూశాను. ఆమెకు తెలిసింది. తడిసిన ముఖంతో నన్ను చూస్తోంది, పెదవి కొరుక్కోలేదు.

మొగ దాటాక అంతా ఒక్కసారిగా నెమ్మదించింది. పోలయ్య ఇంజను తగ్గించాడు, తర్వాత ఆపేశాడు. "పది నిమిషాలు తేలనిస్తా సార్" అని మా వైపు వీపు పెట్టి కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. పడవ ఊగుతోంది. ఒడ్డు సన్నగా, పచ్చగా కనిపిస్తోంది, సరుగుడు తోపు ఒక గీతలా. ఇదే ఆ పది నిమిషాలు. తప్పు చేశాను అని మొదలుపెట్టాలి. తప్పు చేసినాను అనాలా, తప్పయింది అనాలా. తప్పయింది అంటే దానంతట అది అయినట్టు ఉంటుంది. చేశాను అనే అనాలి. నోరు తెరిచాను. ఆమె ముందుగా మాట్లాడింది.

"మొన్న ఆదివారం నేను చర్చికి పోల్యా. కొలిమిగుండ్లకు పోయినా." కొలిమిగుండ్ల దగ్గర పల్లె ఆ నరసింహులుది, కేసు కాగితాల్లో ఉంది. నేను హెచ్చెమ్ వీపు మీద చెయ్యి తీయలేదు. "ఎందుకు పోయినానో తెల్దు. తాడిపత్రి బస్సెక్కి దిగి దోవ అడుక్కుంటా పోయినా. రేకుల ఇల్లు, ముందర నాపరాయి అరుగు. వాని పెండ్లాం నా భుజాన సంచి చూసి ఏయెన్నెమ్మ అనుకునె. లోపలికి పోయి బిడ్డ టీకాల కార్డు తెచ్చి చేతిలో పెట్టె." లూదియా తడి కొంగు పిండుకుంది. "చూస్తే తట్టు టీకా ఒకటి తప్పిపోయుండె. ఏం జేయాల? బుధవారం పోయి వేపిచ్చుకో అని చెప్పినా. అప్పుడు ఆయప్ప బయటికొచ్చె. ఇప్పుడు లారీ తోలడంట, రాయి కోసే మిల్లుకు పోతాడంట. నన్ను గుర్తుపట్టి లేసి నిలబడె. తిట్టేదానికి వస్తివా అమ్మా, తిట్టు అనె. నాకు ఒక్క తిట్టూ రాల్యా. మజ్జిగిచ్చిరి. తాగినా. తాగినందుకు బస్సులో నా మీద నాకే కోపమొచ్చె."

నీళ్లు పడవ పక్కను తడుతున్నాయి. "వచ్చేటప్పుడు ఆయప్ప ఏమడిగెనో తెలుసా" అంది. "సారు ఎట్లుండాడమ్మా, నా మీద బో కోపంగా ఉంటాడు గదా, అని అడిగె." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు క్షమించినావని ఆయప్పకు ఎవరూ జెప్పల్యా. సంఘమంతా తెలుసు. మీ టీచర్లందరికీ తెలుసు. ఆయప్పకు తెల్దు. నేనూ జెప్పల్యా. అది నీ మాట గదా, నువ్వే పోయి జెప్పు."

చెబుతాను అనబోయాను. తప్పకుండా చెబుతాను, వచ్చే వారమే పోతాను. నా నోటికి వచ్చే వాక్యాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కానీ ముందు ఒకసారి మనసులో ఆ ఇంటికి పోయి చూశాను. అరుగు మీద అతను కూర్చుని ఉన్నాడు. షామియానా కింద చదివినప్పుడు నరసింహులు ఒక పేరు మాత్రమే, ఐదక్షరాలు, కాగితం మీద రాయడానికి వీలుగా ఉంది. ఇప్పుడు అతనికి రేకుల ఇల్లుంది, రాతిపొడి అంటిన చేతులున్నాయి, టీకా తప్పిపోయిన బిడ్డ ఉంది. ఆ బిడ్డ ఇంట్లో ఉంది. రేపు కూడా ఉంటుంది. ఆ చేతులు స్టీరింగు మీద ఉన్నాయి ఆ పొద్దున, ఆ కళ్లు మూతలు పడ్డాయి. నేను అతని ఎదురుగా నిలబడి క్షమించాను అనాలి. అనడానికి ప్రయత్నించాను. పడవలో కూర్చుని, పెదవులు కదపకుండా, మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ కోపం అడ్డం వచ్చింది. అది కొత్తది కాదు, ఎనిమిది నెలల నుంచి నాలోనే ఉంది. దాని మీద ఒక మంచి వాక్యం కప్పి పెట్టాను, అంతే. హెచ్చెమ్ నా చేతి కింద అసహనంగా కదిలాడు. వాడి వీపును ఎంత గట్టిగా పట్టుకున్నానో అప్పుడు తెలిసింది. వదిలాను.

"లూదియా" అన్నాను. ఆమె చూసింది. "నేను గూడా క్షమించల్యా."

మా ఊరి మాటలోనే వచ్చింది. ఇంట్లో కూడా నేను పుస్తకం మాటే మాట్లాడతానని సిరి ఏడిపించేది. పోలయ్య బీడీ నీళ్లలో పడేశాడు. ఎక్కడో దూరాన ఇంకో పడవ ఇంజను. లూదియా తన చెక్క మీద నుంచి లేచి, పడవ ఊగుతుంటే ఒక చేత్తో అంచు పట్టుకుని, వచ్చి వల మీద నా పక్కన కూర్చుంది. హెచ్చెమ్ మా ఇద్దరి ఒళ్లోనూ సగం సగం పడుకున్నాడు.

"ఇది ఆ పొద్దే జెప్పింటే నేను యాడికి పోతుంటి" అంది.

"తప్పు చేసినా."

"ఊ."

"ఇంటికి రా."

ఆమె హెచ్చెమ్ పొట్ట కింద బిగుసుకున్న తాడు ముడిని వేలితో వదులు చేసింది. వాడు పెద్దగా నిట్టూర్చాడు. "ఆ ఇంట్లో నువ్వొక్కడివే ల్యావు. నీ సాక్ష్యం గూడా ఉండాది. ఎవరొచ్చినా దాన్నే పలకరిస్తారు, దానికే దండం పెడతారు. ముందు దాన్ని బయటికి పంపియ్యి. అప్పుడొస్తా." కోపంగా అనలేదు. సూది వేసేముందు పసిబిడ్డ తల్లికి చెప్పినట్టు అంది. ఆమె భుజం నా భుజానికి ఆనుకుని ఉంది, తడి చీర, ఉప్పు వాసన. ఇట్లా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయింది. ఆసుపత్రి వరండాలో, ఆ మంగళవారం, బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు కూడా ఇట్లాగే ఆనుకుంది. ఆ తర్వాత ఇదే.

పోలయ్య లేచి ఇంజను తాడు లాగాడు. "పోదామా సార్? మళ్లా నీళ్లు లాగేస్తే కష్టం." పోదాం అన్నాను. పడవ తిరిగింది. ఈసారి మొగ దగ్గర అలలు వెనక నుంచి తోశాయి. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది, ఇద్దరం కుక్కను పట్టుకున్నాం, దాటాం. హెచ్చెమ్ లేచి ఒళ్లు దులిపి ఇద్దరి మీదా నీళ్లు చిమ్మాడు. ఛీ అంది లూదియా, ముఖం తుడుచుకుంటూ. భుజాలు కదిలాయి ముందు, చప్పుడు లేకుండా. సిరికి అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఇరవై ఏళ్లలో నేను గమనించలేదు.

ఒడ్డు మీద నా కారు కనిపిస్తోంది. చీకటి పడ్డాక ఆమెను బనగానపల్లెలో దింపాలి, కుక్కను అక్కడే వదలాలి, నేను ఆళ్లగడ్డ పోవాలి. రేపు ఆదివారం. ఆరాధన అయ్యాక ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండి అని పాస్టరు గారు అడుగుతారు. నేను లేచి, ఆ రోజు నేను చదివింది నిజం కాదు, నా భార్య క్షమించలేదు, నేనూ క్షమించలేదు అని చెప్పాలి. సాల్మన్ రాజు ఉంటాడు. నా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఉంటారు. ఆమేన్ అని ఎవరూ అనరు. లూదియాకు చెప్పాను. సంఘానికి ఇంకా చెప్పలేదు.